మెనింజియోమా: స్కానులో గుర్తించడం, చికిత్స నిర్ణయించుకోవడం ఎలా

తిరుపతిలో స్కాను గదుల్లో పనిచేసే వారికి బాగా అలవాటైన సన్నివేశం ఒకటి ఉంది. పుత్తూరు దారిలో బండి జారి తలకు దెబ్బ తగిలిన మనిషికి రాత్రిపూట సీటీ తీస్తారు. దెబ్బ వల్ల రక్తం గడ్డకట్టిన ఆనవాలేమీ ఉండదు కానీ, పుర్రె లోపలి అంచుకు ఆనుకొని నేరేడుపండంత గడ్డ ఒకటి, ఎన్నేళ్లుగా అక్కడ ఉందో ఎవరికీ తెలియనిది, చుట్టూ ఉన్న మెదడు కంటే కాస్త తెల్లగా కనిపిస్తుంది. దెబ్బకు భయపడి వచ్చిన కుటుంబం ఆ దెబ్బ సంగతే మరిచిపోయి, రిపోర్టు చివర ఉన్న ‘మెనింజియోమా కావచ్చు’ అనే మాటను పట్టుకొని తెల్లవార్లూ ఫోనులో వెదుకుతూ కూర్చుంటుంది. అలాంటి కుటుంబం మరుసటి రోజు నుంచి ఏమి చేయాలో, ఏది ముందు, ఏది తరువాత అన్నది ఇక్కడ వివరిస్తున్నాను. నేను రేడియాలజిస్టును. ఈ జబ్బులో మొదటి స్కాను కంటే రెండో స్కానే ఎక్కువ సంగతి చెబుతుందనీ, ఆ రెండోది ఏమైనా చెప్పగలగాలంటే మొదటిది పద్ధతిగా తీసి, భద్రంగా దాచి ఉండాలనీ ఇన్నేళ్ల పనిలో నాకు అర్థమైంది.

గడ్డ ఎక్కడ పుడుతుంది

పగలగొట్టిన టెంకాయను ఒకసారి గుర్తు చేసుకోండి. చిప్ప పుర్రె అనుకుంటే, కొబ్బరి మెదడు. రెంటికీ మధ్య ఉన్న పలుచని గోధుమరంగు పొర స్థానంలో మన తలలో మూడు పొరలు ఉంటాయి. చిప్పకు అంటుకొని ఉండే గట్టి పొరను డ్యూరా అనీ, నడిమి పొరను అరక్నాయిడ్ అనీ, మెదడును అంటిపెట్టుకొని ఉండే పలుచని పొరను పయా అనీ అంటారు. నడిమి పొరలోని కణాల నుంచి పుట్టి, డ్యూరాను పట్టుకొని పెరిగేదే మెనింజియోమా. 1922లో ఈ పేరు పెట్టినవారు అమెరికా న్యూరోసర్జన్ హార్వీ కుషింగ్. ఇది మెదడులోంచి పుట్టదు, మెదడును బయటి నుంచి నెడుతుంది. చికిత్స మొత్తం ఈ ఒక్క తేడా మీదే ఆధారపడి ఉంది.

పెద్దవాళ్లలో పుర్రె లోపలే పుట్టే కణితులలో మూడోవంతుకు పైగా ఇవే. మగవారిలో కంటే ఆడవారిలో దాదాపు రెండింతలు ఎక్కువ. వయసు పెరిగేకొద్దీ ఎక్కువగా బయటపడతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వీటిని మూడు గ్రేడులుగా విభజించింది. సుమారు 80 శాతం మొదటి గ్రేడువే, అంటే నెమ్మదిగా పెరిగేవి. మూడో గ్రేడువి చాలా అరుదు. చిన్నతనంలో తలకు రేడియేషన్ తీసుకున్నవారికి, 22వ క్రోమోజోము మీది ఎన్ఎఫ్2 జన్యువులో లోపం ఉన్న కుటుంబాలవారికి అవకాశం ఎక్కువ. సెల్‌ఫోను వల్ల వచ్చిందా అని ప్రతి కుటుంబమూ అడుగుతుంది. దానికి నిలబడే రుజువు ఏదీ లేదు.

లక్షణాలు గడ్డ పరిమాణం కంటే, అది ఉన్న చోటును బట్టే ఎక్కువగా వస్తాయి. మెదడు పైభాగాన ఉంటే ఫిట్స్ రావచ్చు. నడినెత్తి కింద ఉంటే ఒక కాలు ఈడుస్తారు. దాన్ని మోకాలి నొప్పిగానో నడుము నరం నొక్కుకుపోవడంగానో భావించి చాలాకాలం తైలాలు రాసుకుంటూ ఉంటారు. ముక్కు పైభాగాన, నుదుటి వెనుక ఉంటే వాసన పోతుంది, స్వభావం మారుతుంది. ఇంట్లో పోపు మాడి పొగ కమ్ముతున్నా పొయ్యి దగ్గరున్న మనిషికి తెలియలేదంటే, ఆ మనిషి ఈమధ్య పట్టనట్టుగా కూడా ఉంటోందంటే, అది పరధ్యానం అని సరిపెట్టుకోకూడదు. అన్నిటికంటే మోసపుచ్చేది కంటి నరాల దగ్గర పుట్టే గడ్డ. చూపు మెల్లగా మసకబారుతుంది. వయసును బట్టి శుక్లం అనుకుంటారు. శుక్లం కూడా కాస్త ఉంటుంది కాబట్టి ఆపరేషను చేయించుకుంటారు. అయినా చూపు రాదు. శుక్లం ఆపరేషను సవ్యంగా జరిగి, కంటి వెనుక పొర బాగున్నా చూపు మెరుగుపడకపోతే, కొత్త కళ్లద్దాలు మార్చడం ఆపి, కంటి డాక్టరును చూపు విస్తృతి పరీక్ష చేయమనీ, తలకు ఎంఆర్‌ఐ అవసరమా చూడమనీ అడగాలి. ఆ నరం ఎక్కువ కాలం నొక్కుకుపోతే, తరువాత గడ్డ తీసినా పోయిన చూపు తిరిగి రాకపోవచ్చు.

పొద్దున్నే తలనొప్పితో పాటు వాంతులు, మగతగా పడి ఉండటం, చూపు చకచకా తగ్గిపోవడం, అయిదు నిమిషాలు దాటినా ఆగని ఫిట్స్, వీటిలో ఏది కనిపించినా ఈ వ్యాసం పక్కన పెట్టి 108కి ఫోను చేయండి.

మొదటి ఎంఆర్‌ఐ పద్ధతిగా తీయించుకోవడం

సీటీ తక్కువ సేపట్లో అయిపోతుంది. గడ్డలో సున్నం చేరిందా, దానిని ఆనుకొన్న ఎముక మందమెక్కిందా అనే రెండు విషయాలు ఎంఆర్‌ఐ కంటే సీటీలోనే బాగా తెలుస్తాయి. అందుకని అత్యవసరంగా తీసిన ఆ సీటీని పారేయకండి. అయితే నిర్ణయాలు తీసుకోవడానికి కాంట్రాస్ట్ మందుతో తీసిన ఎంఆర్‌ఐ కావాలి. మందు లేకుండా తీసినది చవకగా వస్తుందని దానితో సరిపెట్టుకోవడం వృథా ఖర్చు, ఎందుకంటే నెలలోపే మందుతో మళ్లీ తీయవలసి వస్తుంది. యంత్రం అయస్కాంత శక్తి 1.5 టెస్లానా, 3 టెస్లానా అన్నది ఈ జబ్బుకు అంత ముఖ్యం కాదు. ఏయే వరుసలు, అంటే ఒకే పరీక్షలో వేర్వేరు పద్ధతుల్లో తీసే బొమ్మల జట్లు (టీ1, టీ2, ఫ్లెయిర్ అనేవి వాటి పేర్లు), ఎంత పలుచగా తీశారన్నది ముఖ్యం.

రక్తంలో క్రియాటినిన్ ముందే పరీక్ష చేయించుకొని ఆ కాగితం వెంట తీసుకెళ్లండి. మందులో ఉండే గాడోలినియం మూత్రపిండాల ద్వారా బయటకు పోవాలి కనుక, కిడ్నీల వడపోత నిమిషానికి 30 మిల్లీలీటర్ల కంటే తగ్గినవారికి మందు ఇవ్వాలా, ఇస్తే ఏ రకం ఇవ్వాలి అని రేడియాలజిస్టు నిర్ణయించాలి. మామూలుగా వాడే మందులలో చాలావాటికి మోతాదు కిలో బరువుకు 0.2 మిల్లీలీటర్లు, అంటే 60 కిలోల మనిషికి 12 మిల్లీలీటర్లు. గర్భిణులకు, తప్పనిసరి అయితే తప్ప, ఇది ఇవ్వరు. పేస్‌మేకరు, చెవిలో అమర్చిన పరికరం, ఇదివరకు మెదడు రక్తనాళానికి వేసిన క్లిప్పు, కంట్లో ఇనుప రజను పడిన చరిత్ర, వీటిలో ఏది ఉన్నా గది బయటే చెప్పాలి. వెల్డింగు పని చేసేవారు ఈ చివరి సంగతి అడిగితే తప్ప చెప్పరు.

ఒంటి మీది లోహం గురించి కాస్త వివరంగా రాయవలసి ఉంది. బంగారాన్ని అయస్కాంతం లాగదని అందరికీ తెలుసు కాబట్టి, తాళి ఉంచుకోవచ్చు కదా అని మన ఊళ్ల ఆడవాళ్లు అడుగుతారు. చిక్కు తాళి బంగారంతో లేదు. సూత్రాలకు, నల్లపూసలకు గుత్తిగా గుచ్చుకున్న ఇనుప పిన్నీసులతో ఉంది. మొలతాడుకు కట్టిన తాయెత్తు, జడలో దాగిన పిన్ను, రవికె హుక్కులు, ఇవన్నీ కూడా ఆ జాబితాలోవే. తాళి తీయడం మనసుకు కష్టమైన వారు ముందు రోజే పసుపుకొమ్ము కట్టిన పసుపుతాడు సిద్ధం చేసుకొని వస్తే, గది గుమ్మం దగ్గర కన్నీళ్లు ఉండవు. తొందరపెట్టి తీయించిన నగ ఎవరి చేతికి ఇచ్చారో మరిచిపోయి, పరీక్ష జరుగుతున్నంతసేపూ దాని గురించే ఆలోచిస్తూ కదిలిన వారి బొమ్మలు ఎన్నోసార్లు చెరిగిపోయాయి.

పరీక్షకు అరగంట నుంచి ముప్పావుగంట పడుతుంది. పెద్ద చప్పుడు వస్తుంది. చెవులకు దూది కాదు, సరైన ప్లగ్గులు అడగండి. ఇరుకులో భయపడేవారు ఆ సంగతి సమయం తీసుకున్నప్పుడే చెబితే మత్తు ఏర్పాటు చేయవచ్చు. రాసిచ్చే డాక్టరు చీటీలో ‘మెనింజియోమా అనుమానం, కాంట్రాస్ట్‌తో, ఒక మిల్లీమీటరు మందంతో త్రీడీ టీ1 వరుస’ అని ఉంటే సగం పని అయినట్టే. గడ్డ నడినెత్తి దగ్గరో, మరే పెద్ద సిరకు ఆనుకొనో ఉంటే, సిరల చిత్రం, అంటే ఎంఆర్ వీనోగ్రామ్, కూడా అదే పూట తీయించుకోవాలి.

పరీక్ష అయ్యాక ఫిల్ములు, రిపోర్టు ఇస్తారు. వాటితోపాటు డైకామ్ రూపంలో, అంటే తీసిన బొమ్మలన్నీ కంప్యూటరులో అసలు రూపంలో తెరిచి చూసుకొనేలా, ఉన్న సీడీనో పెన్‌డ్రైవునో అడిగి తీసుకోండి. ఫిల్ము మీద అచ్చు వేసినవి తీసిన వందల బొమ్మల్లో ఎంపిక చేసిన కొన్ని మాత్రమే. ఫోనుతో ఫిల్మును లైటుకు పట్టి తీసిన ఫోటో పంపి ‘కొంచెం చూసి చెప్పండి సార్’ అని అడిగితే, ఏ డాక్టరూ బాధ్యతగా చెప్పగలిగింది ఏమీ ఉండదు.

బొమ్మలో చూడవలసినవి

రేడియాలజిస్టు మొట్టమొదట వేసుకునే ప్రశ్న, గడ్డ మెదడు లోపల ఉందా, వెలుపల ఉండి నెడుతోందా అన్నది. టీ2 వరుసలో మెదడు చుట్టూ ఉండే నీరు తెల్లగా మెరుస్తుంది. గడ్డకూ మెదడుకూ మధ్య ఆ తెల్లని నీటి గీత, సన్నని దారంలా, కనిపిస్తే గడ్డ వెలుపలిదే. మెదడు మడతలు లోపలికి ఒత్తుకుపోయి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటే అదీ సాక్ష్యమే. మందు ఇచ్చాక గడ్డ అంతా ఒకే తీరుగా, గట్టిగా వెలుగుతుంది. వెడల్పైన పీటతో డ్యూరాను పట్టుకొని కనిపిస్తుంది. అంచుల నుంచి డ్యూరా వెంబడి పలుచబడుతూ పోయే వెలుగు, తోకలాంటిది, చాలా గడ్డలకు ఉంటుంది.

ఈ తోక దగ్గరే తొందరపాటు జరుగుతుంది. తోక ఉంది కాబట్టి మెనింజియోమాయే అని తేల్చడం సరికాదు. రొమ్ము క్యాన్సరు డ్యూరాకు పాకినప్పుడు అచ్చం ఇలాగే కనిపించవచ్చు. అందుకే, పదేళ్ల కింద రొమ్ము ఆపరేషను అయిందన్న సంగతి, ‘అది ఎప్పుడో నయమైపోయింది’ అనిపించినా, స్కాను చీటీ మీద రాయించాలి. మన దేశంలో క్షయ కూడా డ్యూరాను మందంగా చేసి ఈ గడ్డ వేషం వేస్తుంది. చెవి నరం దగ్గర ష్వానోమా అనే వేరే గడ్డ వస్తుంది. అది చెవి ఎముక కాలువలోకి దూరి దానిని వెడల్పు చేస్తుంది, మెనింజియోమా సాధారణంగా ఆ కాలువ ముఖద్వారం మీద పీట వేసుకొని కూర్చుంటుంది. సాలిటరీ ఫైబ్రస్ ట్యూమరు అనేది మరొకటి ఉంది. అది ఎముకను మందం చేయడానికి బదులు కొరికేస్తుంది, సున్నం చేరడం కనిపించదు, లోపల రక్తనాళాలు నల్లని పురుగుల్లా మెలికలు తిరుగుతాయి. మూర్ఛ రోగులలో మనం తరచుగా చూసే సున్నపు చుక్క, బద్దెపురుగు గుడ్ల వల్ల మెదడులో ఏర్పడే న్యూరోసిస్టిసర్కోసిస్ మచ్చ, వేరే జాతిది; అది మెదడు లోపలే, సాధారణంగా సెంటీమీటరు కూడా లేకుండా ఉంటుంది. రెండూ ఒకే మనిషిలో ఉన్న సందర్భాలు కూడా లేకపోలేదు, అప్పుడు ఫిట్స్ దేనివల్ల వస్తున్నాయో న్యూరాలజిస్టు తేల్చాలి.

గడ్డ చుట్టూ మెదడులో నీరు చేరిందా అన్నది ఫ్లెయిర్ వరుసలో తెలుస్తుంది. చిన్న గడ్డ చుట్టూ పెద్ద వాపు ఉంటే దానిని తేలికగా తీసుకోకూడదు. టీ2లో గడ్డ నల్లగా ఉంటే గట్టిగానూ, తెల్లగా ఉంటే మెత్తగానూ ఉండే అవకాశం ఎక్కువ. సర్జనుకు ఇది ఎంతో పనికొచ్చే మాట, రిపోర్టులో లేకపోతే అడిగి రాయించుకోవచ్చు. గడ్డలోని రసాయనాలను చూపే ఎంఆర్ స్పెక్ట్రోస్కోపీలో అలనిన్ అనే రసాయనం శిఖరం కనిపిస్తే మెనింజియోమాకు బలం చేకూరుతుంది, కనిపించకపోతే మాత్రం ఏదీ రుజువు కాదు. ఇంకా సందేహం తీరనప్పుడు, లేదా ఆపరేషను తరువాత మచ్చ ఏది, మిగిలిన గడ్డ ఏది అని వేరు చేయవలసి వచ్చినప్పుడు గాలియం-68 డోటాటేట్ పెట్ స్కాను ఉపయోగపడుతుంది. ఆ స్కానుకు ఇచ్చే మందు అంటుకొనే సొమటోస్టాటిన్ గ్రాహకాలు ఈ కణాల మీద దట్టంగా ఉండటం దానికి కారణం. ఏ బొమ్మా గ్రేడును కచ్చితంగా చెప్పలేదు. బొమ్మ సూచించగలదు, చెప్పవలసింది సూక్ష్మదర్శిని కింద గడ్డ ముక్కను చూసే పెథాలజిస్టు. కాబట్టి రిపోర్టులో ‘కావచ్చు’ అనే మాట చూసి రేడియాలజిస్టుకు తెలియలేదని అనుకోవద్దు.

కొలత

ఒక తప్పు ఒప్పుకోవాలి. ఒకామెకు ఏడాది తేడాతో రెండు స్కానులు జరిగాయి. మొదటి రిపోర్టులో 24 మిల్లీమీటర్లు అని ఉంది. రెండోది నేను చదివి 29 మిల్లీమీటర్లు కొలిచి, పాత రిపోర్టులోని అంకెతో పోల్చి, ‘గడ్డ పెరిగినది’ అని రాశాను. కుటుంబం అప్పు కూడా మాట్లాడుకొని ఆపరేషనుకు బయలుదేరింది. సర్జను రెండు సీడీలనూ పక్కపక్కన తెరిచి, నన్ను ఫోనులో పిలిచి, ఒకే కోణంలో కొలవమన్నారు. మొదటివారు అడ్డకోతలో కొలిచారు, నేను నిలువుకోతలో కొలిచాను. ఒకే కోతలో చూస్తే 24కు 25, అంతే తేడా. పాత రిపోర్టు కాగితం నా దగ్గర ఉంది కానీ పాత బొమ్మలు అడిగి తెప్పించుకోలేదు. అప్పటి నుంచి ఏ కోతలో, ఎన్నో నంబరు బొమ్మ మీద కొలిచానో రిపోర్టులోనే రాస్తున్నాను. మీ రిపోర్టులో అలా లేకపోతే అడగండి, తప్పు కాదు.

కొలత ఎందుకింత పట్టింపు అంటే, గడ్డ బంతిలా పెరుగుతుంది, మనం కొలిచేది గీతను. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి రెండుతో భాగిస్తే ఘనపరిమాణం సుమారుగా వస్తుంది. రెండు సెంటీమీటర్ల గడ్డ 4 సీసీలు. రెండున్నర అయితే దాదాపు 8. మూడు అయితే పదమూడున్నర. అంటే రెండు సెంటీమీటర్ల గడ్డ అడ్డకొలతలో అయిదు మిల్లీమీటర్లు పెరిగితే దాదాపు రెండింతలు అయినట్టు. అయితే బొమ్మలను అయిదు మిల్లీమీటర్ల మందంతో తీసినప్పుడు, ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా గడ్డదో, కోతదో ఎవరూ చెప్పలేరు. పలుచని త్రీడీ వరుస మొదటి రోజే తీయించుకోమన్నది ఇందుకే. వీలైతే ప్రతిసారీ అదే యంత్రం మీద, అదే పద్ధతిలో తీయించుకోండి. ఇంకొక సంగతి: పోయినసారి స్కానుతో మాత్రమే పోల్చితే ప్రతిసారీ ‘మార్పు లేదు’ అనే వస్తుంది. మొట్టమొదటి స్కానుతో కూడా పోల్చమని చెప్పండి, అప్పుడు నాలుగేళ్ల మెల్లని పెరుగుదల ఒక్కసారిగా బయటపడుతుంది.

వేచి చూడటం, ఆపరేషను, కిరణాలు

లక్షణాలేవీ లేకుండా, యాదృచ్ఛికంగా బయటపడిన చిన్న గడ్డకు, చుట్టూ వాపు లేకపోతే, వేచి చూడటమే సరైన చికిత్స. దీనిని ‘ఏమీ చేయకపోవడం’ అనుకొని బాధపడే కుటుంబాలు ఎక్కువ. సాధారణంగా ఆరు నెలలకు రెండో ఎంఆర్‌ఐ, ఆపైన ఏడాదికొకటి, అయిదేళ్లు నిలకడగా ఉంటే రెండేళ్లకొకటి తీస్తారు. సున్నం చేరినది, టీ2లో నల్లగా ఉన్నది, వయసు మళ్లిన వారిలోనిది నెమ్మదిగా ఉంటుంది. వయసులో ఉన్నవారిలో, సున్నం లేకుండా, టీ2లో తెల్లగా, వాపుతో ఉన్నది పెరిగే అవకాశం ఎక్కువ, గడువు దగ్గరగా పెట్టుకోవాలి. డెబ్బై దాటిన మనిషికి పెరగని రెండు సెంటీమీటర్ల గడ్డను భయంతో తీయించడం కంటే, ఏడాదికొకసారి బొమ్మ తీయించడం మేలన్నది నా అభిప్రాయం. చాలామంది న్యూరోసర్జన్లు కూడా ఇదే చెబుతారు.

లక్షణాలు ఉన్నా, గడ్డ పెరుగుతున్నా, కంటి నరాన్ని నొక్కుతున్నా ఆపరేషను వైపు మొగ్గుతారు. ఎంత తీయగలిగారన్నది 1957లో డొనాల్డ్ సింప్సన్ ప్రతిపాదించిన అయిదు మెట్ల కొలబద్దతో చెబుతారు. గడ్డనూ, అది పట్టుకొన్న డ్యూరానూ, చెడిన ఎముకనూ పూర్తిగా తీస్తే మొదటి మెట్టు. పరీక్షకు ముక్క మాత్రమే తీస్తే అయిదోది. మెట్టు ఎంత కిందికి దిగితే గడ్డ తిరిగి వచ్చే అవకాశం అంత ఎక్కువ. అలాగని అన్ని చోట్లా మొదటి మెట్టు కోసం పట్టుబట్టకూడదు. నడినెత్తి కింద ముందు నుంచి వెనక్కు సాగే పెద్ద సిర ముందువైపు మూడోవంతులో గడ్డతో పాటు సిరను కూడా తీయగలిగే వీలుంది; నడిమి, వెనుక భాగాల్లో రక్తం ఇంకా పారుతున్న సిరను కట్టేస్తే పక్షవాతం రావచ్చు, ప్రాణాలకే ముప్పు. అక్కడ గడ్డలో కొంత వదిలిపెట్టి, మిగిలిన దానికి కిరణాలు ఇవ్వడం వివేకం. సిరల చిత్రం ముందే కావాలన్నది ఈ నిర్ణయం కోసమే. రక్తప్రసరణ విపరీతంగా ఉన్న గడ్డలకు ఒకటి రెండు రోజుల ముందు, తొడ దగ్గరో మణికట్టు దగ్గరో ధమని గుండా సన్నని గొట్టం పంపి, గడ్డకు రక్తం పోసే నాళాన్ని మూసివేయడమూ ఉంది.

ఆపరేషనుకు ముందు వాపు తగ్గడానికి డెక్సామెథసోన్ ఇస్తారు. ఇది మధుమేహం ఉన్నవారి షుగరును ఒక్కసారిగా పెంచుతుంది కనుక రోజూ చూసుకోవాలి. తలనొప్పి తగ్గింది కదా అని సొంతంగా ఒక్కరోజులో ఆపేయకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఫిట్స్ వచ్చినవారు మూర్ఛమందు మానకూడదు, బండి నడపకూడదు. మొక్కు ఉన్నా అలిపిరి మెట్లు ఒంటరిగా ఎక్కడం, పుష్కరిణిలో తోడు లేకుండా మునగడం వద్దు. రక్తం పలుచబడే మాత్రలు వాడుతుంటే ఎప్పుడు ఆపాలో సర్జనునే అడగాలి.

తలనీలాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మన ఊరిలో ఆపరేషను ముందు రోజు కొండకు వెళ్లి గుండు చేయించుకొని నేరుగా ఆసుపత్రికి వచ్చేవారు ఉంటారు. ఎలాగూ వెంట్రుకలు తీస్తారు, ఆ తీసేదేదో స్వామికే ఇద్దామన్న ఆలోచనలో తప్పేమీ లేదు. అయితే మంగలికత్తి చర్మం మీద కంటికి కనబడని గాట్లు పెడుతుంది. వాటిలో సూక్ష్మజీవులు చేరి, మరునాటి కోతకు చీము పట్టే ప్రమాదాన్ని పెంచుతాయి. అందుకే ఆసుపత్రులు ఇప్పుడు అదే రోజు క్లిప్పరుతో, కోత పడే మేరకే కత్తిరిస్తున్నాయి. మొక్కు ముందే తీర్చుకోవాలంటే గాట్లు పూర్తిగా మానేంత ఎడం ఉండేలా సర్జనుతో చెప్పి వెళ్లండి, లేకపోతే కుట్లు మానాక వెళ్లండి.

తీసిన గడ్డ పెథాలజీకి వెళుతుంది. ఆ రిపోర్టు రాకుండా ‘అయిపోయింది’ అనుకోవద్దు, గ్రేడు తెలిసేది అక్కడే. 2021 నాటి వర్గీకరణ ప్రకారం కణాల తీరుతో పాటు టెర్ట్, సీడీకేఎన్2ఏ వంటి జన్యువులలో కొన్ని మార్పులు ఉంటే కూడా మూడో గ్రేడుగా లెక్కిస్తారు. ఆపరేషను తరువాతి ఎంఆర్‌ఐ 48 గంటల లోపల తీయాలి, లేదా సుమారు మూడు నెలలు ఆగి తీయాలి. నడుమ తీస్తే మానుతున్న కణజాలం కూడా మందుకు వెలిగి, మిగిలిన గడ్డలా భ్రమింపజేస్తుంది. ఇదే మీకు కొత్త ‘మొదటి స్కాను’, దీని సీడీ పాతదాని పక్కన చేరాలి.

కిరణ చికిత్స రెండు విధాలు. మూడు సెంటీమీటర్ల లోపు గడ్డకు ఒకే రోజులో, సూదిమొనలా గురిచూసి ఇచ్చేది రేడియోసర్జరీ. సాధారణంగా గడ్డ అంచుకు 12 నుంచి 16 గ్రే (కిరణాల మోతాదుకు కొలమానం) ఇస్తారు. కంటి నరం 8 నుంచి 10 గ్రేలకు మించి ఓర్చుకోలేదు కనుక, గడ్డ ఆ నరానికి అంటుకొని ఉంటే ఈ పద్ధతి కుదరదు. పెద్దవాటికి, నరాలను చుట్టుకొన్నవాటికి, ఆపరేషను తరువాత రెండో, మూడో గ్రేడుగా తేలినవాటికి రోజుకు సుమారు 1.8 గ్రే చొప్పున ఆరు వారాల పాటు, మొత్తం 54 గ్రే దాకా, గ్రేడును బట్టి 60 దాకా ఇస్తారు. కిరణాల పని గడ్డను మాయం చేయడం కాదు, ఎదగనివ్వకపోవడం. మొదటి గ్రేడులో అయిదేళ్లకు పదిమందిలో తొమ్మిది మందికి పైగా అది నెరవేరుతుంది. తరువాతి స్కానులో ‘గడ్డ అలాగే ఉంది’ అని వస్తే అది శుభవార్త. కిరణాలు ముగిసిన కొన్ని నెలలకు చుట్టూ వాపు వచ్చి తలనొప్పి, ఫిట్స్ కలగవచ్చు, ముఖ్యంగా నడినెత్తి గడ్డలకు. అది సాధారణంగా మందులతో సర్దుకుంటుంది.

గడ్డను కరిగించే మాత్ర ఈనాటికీ లేదు, కరిగిస్తామని పొట్లాలు ఇచ్చేవారు ఎంత దూరం నుంచి పేరు తెచ్చుకున్నా సరే. అయితే మానవలసిన మందులు ఉండవచ్చు. సైప్రోటెరాన్ అనే హార్మోను మందును ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడినవారికి ముప్పు పెరుగుతుందని తేలడంతో 2020లో ఐరోపాలో దాని వాడకాన్ని కట్టడి చేశారు. పిల్లలు పుట్టకుండా మూడు నెలలకొకసారి వేయించుకొనే మెడ్రాక్సీప్రొజెస్టిరాన్ ఇంజెక్షన్‌కూ, మెనింజియోమాకూ సంబంధం ఉన్నట్టు 2024లో ఫ్రాన్సు నుంచి వచ్చిన ఒక అధ్యయనం చూపింది. ఒక్కొక్కరికి ఉండే ముప్పు చిన్నదే. అయినా గడ్డ ఉన్నట్టు తెలిసిన స్త్రీ ఈ ఇంజెక్షను వేయించుకుంటూ ఉంటే డాక్టరుకు తప్పక చెప్పి, వేరే పద్ధతికి మారాలి.

ఎక్కడికి వెళ్లాలన్నది చివరి ప్రశ్న. తిరుమల తిరుపతి దేవస్థానం 1993లో నెలకొల్పిన స్విమ్స్‌లో న్యూరాలజీ, న్యూరోసర్జరీ, రేడియేషన్ విభాగాలు ఒకే ఆవరణలో ఉన్నాయి. చిత్తూరు వైపు వారు వేలూరు సీఎంసీకి వెళ్లడం ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. జేకబ్ చాండీ 1949లో దేశంలోనే తొలి న్యూరోసర్జరీ విభాగాన్ని ప్రారంభించింది అక్కడే. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ మీద ఆధారపడేవారు, మీరు వెళ్లే ఆసుపత్రిలో, మీకు చెప్పిన చికిత్సకు ఆ పథకం వర్తిస్తుందో లేదో చేరకముందే ఆ బల్ల దగ్గర అడగాలి, వేరే రాష్ట్రానికి వెళ్లేటప్పుడు మరీ ముఖ్యంగా. రెండో అభిప్రాయం తీసుకోవడానికి సంకోచించకండి. పెరుగుదల నెమ్మదిగా ఉన్న గడ్డకు రెండు వారాల ఆలస్యం వల్ల నష్టం లేదు.

వెళ్లేటప్పుడు తీసుకెళ్లవలసినవి: తేదీలు రాసిన అన్ని సీడీలు, రిపోర్టులు, క్రియాటినిన్ కాగితం, వాడుతున్న మందుల చీటీ, పెథాలజీ రిపోర్టు ఉంటే అది. సీడీ ఎండకు, గీతలకు పాడవుతుంది, కాబట్టి ఒక ప్రతిని పెన్‌డ్రైవులో ఎక్కించి వేరే ఇంట్లో ఉంచండి. స్కాను కేంద్రం బొమ్మలను ఎల్లకాలం దాచదు. తదుపరి స్కాను ఏ నెలలో అన్నది కవరు పైనే పెద్ద అక్షరాలతో రాసి, కవరు దేవుడి పటం వెనుక కాకుండా, రేషను కార్డు ఉండే చోట పెట్టండి.